ఉపాధ్యాయులకు ఉపాధ్యాయుడు డాక్టర్ జాకీర్ హుస్సేన్

మహనీయులను వారు అధిష్ఠించిన పదవులతో గుర్తుంచుకోవడం లోకసహజం. డాక్టర్ జాకీర్ హుస్సేన్ అనగానే మనకు రాష్ట్రపతి భవనమే మనస్సులో మెదలుతుంది. ఆ భవనంలో ఆయన నివసించినది రెండు సంవత్సరాలకు పది రోజులు తక్కువ. ఒక పేద విద్యాలయంలో, తరచుగా జీతం కూడా సరిగా అందని స్థితిలో, తోటి ఉపాధ్యాయుల నడుమ ఆయన గడిపినవి ఇరువది రెండు సంవత్సరాలు. ఆయన జీవితానికి అర్థం చెప్పేవి ఆ ఇరువది రెండు సంవత్సరాలేనని మా విశ్వాసం. అందుచేత ఈ వ్యాసంలో రాష్ట్రపతిని గురించి కొద్దిగాను, ఉపాధ్యాయుని గురించి విస్తారంగాను ముచ్చటించదలచాము.

జాకీర్ హుస్సేన్ 1897 ఫిబ్రవరి 8వ తేదీన మన హైదరాబాదు నగరంలోనే జన్మించారు. వారి పూర్వీకులు అఫ్రీదీ పఠానులు. ఉత్తరప్రదేశంలోని ఫరూఖాబాద్ జిల్లా ఖాయంగంజ్‌లో స్థిరపడినవారు. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ హైదరాబాదుకు వచ్చి న్యాయవాదిగా పేరు గడించారు. ఏడుగురు అన్నదమ్ములలో జాకీర్ మూడవవారు. బాలునికి పదేండ్ల వయస్సులో, 1907లో, తండ్రి క్షయవ్యాధితో మరణించగా కుటుంబం ఖాయంగంజ్‌కు తరలిపోయింది. నాలుగేండ్లు గడవకముందే ప్లేగు మహమ్మారి తల్లిని కూడా తీసుకుపోయింది. అప్పటికి ఆ బాలుడు ఇటావాలోని ఇస్లామియా ఉన్నత పాఠశాలలో, వసతిగృహంలో ఉండి చదువుకుంటున్నాడు. తల్లిదండ్రులను కోల్పోయిన ఆ పిల్లవానికి పాఠశాలయే ఇల్లయింది. ప్రధానోపాధ్యాయులు సయ్యద్ అల్తాఫ్ హుస్సేన్ గారే మార్గదర్శకులయ్యారు. ఉపాధ్యాయుడు తలచుకుంటే ఒక అనాథ బాలుని బ్రతుకును ఎలా నిలబెట్టగలడో జాకీర్ హుస్సేన్ పుస్తకాలలో చదివి తెలుసుకోలేదు. స్వయంగా అనుభవించి తెలుసుకున్నారు.

1913లో ఆయన అలీగఢ్‌లోని మహమ్మదన్ ఆంగ్లో ఓరియంటల్ కళాశాలలో చేరారు. చురుకైన విద్యార్థిగా, మంచి వక్తగా పేరు తెచ్చుకున్నారు. 1920 నాటికి ఎం.ఏ. చదువుతూనే అక్కడ పాఠాలు కూడా చెబుతున్నారు. ఆ సంవత్సరం అక్టోబరులో మహాత్మా గాంధీ, అలీ సోదరులు అలీగఢ్‌కు వచ్చి, ప్రభుత్వ సహాయంతో నడిచే విద్యాసంస్థలను విడిచిపెట్టవలసిందిగా విద్యార్థులను కోరారు. సుఖంగా సాగిపోతున్న భవిష్యత్తును వదులుకోవడం తేలిక కాదు. అయినా ఇరువది మూడేండ్ల ఆ యువకుడు వెలుపలికి నడిచారు. ఊరకే నడచి రాలేదు. విడిచి వచ్చిన విద్యార్థులకు వేరొక విద్యాలయం కావాలని పెద్దలను కలిసి ఒత్తిడి చేశారు. ఆ విధంగా 1920 అక్టోబరు 29వ తేదీన అలీగఢ్‌లో జామియా మిల్లియా ఇస్లామియా అవతరించింది. మౌలానా మహమూద్ హసన్ దానిని ప్రారంభించారు. హకీం అజ్మల్ ఖాన్ ప్రథమ కులపతి, మౌలానా మహమ్మద్ అలీ ప్రథమ ఉపకులపతి అయ్యారు. తొలి దినాలలో అది డేరాలలో నడిచిన విద్యాలయం.

1922లో జాకీర్ హుస్సేన్ ఉన్నత విద్యకై జర్మనీ వెళ్ళారు. బెర్లిన్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రంలో పరిశోధించి 1926లో డాక్టరేటు పొందారు. బెర్లిన్‌లో ఆయన సంపాదించినది పట్టా ఒక్కటే కాదు. గేయోర్గ్ కెర్షెన్‌స్టైనర్ అనే విద్యావేత్త భావాలు ఆయనను లోతుగా ప్రభావితం చేశాయి. చేతితో శ్రద్ధగా చేసే పని మనస్సును కూడా తీర్చిదిద్దుతుందనీ, తాను చేసిన పనిలోని లోపాన్ని తానే గుర్తించి సవరించుకోవడమే చదువుకు మూలమనీ ఆ విద్యావేత్త సిద్ధాంతం. జాకీర్ దీనిని వినడంతో తృప్తిపడలేదు. బెర్లిన్‌లోని కావియానీ ముద్రణాలయంలో గాలిబు కవితా సంపుటాన్ని అందంగా అచ్చు వేయించే సందర్భంలో తామే అక్షరాలు కూర్చి ఆ పని నేర్చుకున్నారు. అక్కడనే మరో రెండు స్నేహాలు కుదిరాయి. ఒకరు సయ్యద్ ఆబిద్ హుస్సేన్, మరొకరు మహమ్మద్ ముజీబ్. ముగ్గురు విద్యార్థుల స్నేహం ఒక విద్యాలయానికి పునాది కావడం చరిత్రలో అరుదైన విషయం.

ఈలోగా స్వదేశంలో జామియా ఊపిరి తగ్గిపోతూ వచ్చింది. 1922లో సహాయ నిరాకరణోద్యమం నిలిచిపోయింది. 1924లో టర్కీలో ఖిలాఫత్ రద్దయింది. దానితో ఖిలాఫత్ నిధులనుండి అందుతూ వచ్చిన ఆర్థిక సహాయం ఎండిపోయింది. 1925లో విద్యాలయాన్ని అలీగఢ్‌నుండి ఢిల్లీలోని కరోల్ బాగుకు మార్చారు. అసలు దానిని మూసివేయడమే మంచిదని పలువురు పెద్దలు భావించారు. అజ్మల్ ఖాన్, డాక్టర్ అన్సారీ వంటివారు, గాంధీజీ మాత్రం అందుకు అంగీకరించలేదు. ఆ సమయంలో జర్మనీనుండి జాకీర్, ఆయన మిత్రులు కబురు పంపారు. తాము తిరిగి వచ్చేవరకు తలుపులు మూయవద్దనీ, తమ జీవితాలను ఆ సంస్థకే అర్పించడానికి సిద్ధంగా ఉన్నామనీ దాని సారాంశం. 1926లో ముగ్గురూ తిరిగి వచ్చారు. ఇరువది తొమ్మిదేండ్ల జాకీర్ హుస్సేన్ షేఖుల్ జామియా, అనగా ఉపకులపతి, అయ్యారు.

ఆయన చేతికి వచ్చినవి కొన్ని అద్దె ఇండ్లు, కొద్దిమంది విద్యార్థులు, కొన్ని అప్పులు. 1927 డిసెంబరులో అజ్మల్ ఖాన్ కన్నుమూశారు. తన సొంత సొమ్ముతో జామియాను నడిపించిన పోషకుడు పోయిన తరువాత ఆ సంస్థ ఎన్ని నెలలు బ్రతుకుతుందన్నదే ప్రశ్న. ఇటువంటి సమయంలో సాధారణంగా సంస్థలు చేసే పని మరొక ధనవంతుని వెదకుకోవడం. జామియా ఉపాధ్యాయులు వేరొక త్రోవ పట్టారు. 1928లో జాకీర్ హుస్సేన్ నాయకత్వంలో వారు అంజుమనె తాలీమె మిల్లీ అనే సంఘంగా ఏర్పడ్డారు. ఇరువది సంవత్సరాలు జామియాలోనే పనిచేస్తామనీ, నెలకు నూట యాభై రూపాయలకు మించి జీతం పుచ్చుకోమనీ ప్రతిజ్ఞ చేశారు. వీరినే జామియా ఆజీవ సభ్యులన్నారు.

ఈ ప్రతిజ్ఞను మా విద్యార్థులు ఒక్క క్షణం నిలిచి ఆలోచించవలసిందిగా కోరుతున్నాము. ఇది యజమానికి నౌకరు వ్రాసి ఇచ్చిన ఒడంబడిక కాదు. ఉపాధ్యాయులు ఒకరికొకరు ఇచ్చుకున్న మాట. నేను వెళ్ళిపోను, నీవు కూడా వెళ్ళవద్దు అనే మాట. విదేశీ పట్టాలున్నవారికి నూట యాభైకి ఎన్నో రెట్లు జీతమిచ్చే కొలువులు బయట సిద్ధంగా ఉన్నాయి. ఇక్కడ ఆ నూట యాభై కూడా పైమెట్టు మాత్రమే. చాలామంది పుచ్చుకున్నది అంతకు ఎంతో తక్కువ, అదియైనా నెలనెలా చేతికందని సందర్భాలెన్నో. ఆ భారాన్ని ఉపాధ్యాయులతోపాటు వారి ఇండ్లలోని స్త్రీలు కూడా మోశారు. జాకీర్ హుస్సేన్ భార్య షాజహాన్ బేగం పేరు సభలలో వినిపించదు గాని, ఆ ఇరువది సంవత్సరాల వ్రతంలో ఆమె పాలు తక్కువది కాదు.

మాట ఇచ్చుకోవడం ఒక ఎత్తు. దానిని నిలుపుకోవడం మరొక ఎత్తు. ఈ సహవాసం అన్నేండ్లు నిలవడానికి మాకు మూడు కారణాలు కనిపిస్తున్నాయి.

మొదటిది, బాధ్యతను పంచుకోవడం. సంస్థను నడిపేవారు వేరు, పాఠం చెప్పేవారు వేరు అనే భేదం అక్కడ లేదు. షఫీఖుర్రహమాన్ కిద్వాయి హమ్‌దర్దానె జామియా అనే పథకాన్ని చేపట్టి, ఊరూరా తిరిగి సామాన్యులనుండి చిన్న చిన్న చందాలు ప్రోగు చేశారు. ఒక పెద్ద దాత స్థానంలో వేలాది చిన్న దాతలు వచ్చారు. జాకీర్ హుస్సేన్ కూడా జోలె పట్టడానికి వెనుదీయలేదు. తాను పుట్టిన హైదరాబాదుకు వచ్చి, నిజాం ప్రభుత్వంనుండి సహాయం పొందారు.

రెండవది, ఉపాధ్యాయులు తాము కూడా విద్యార్థులుగా ఉండిపోవడం. ప్రాథమిక పాఠశాలలో అబ్దుల్ గఫ్ఫార్ మధోలీ అనే ఉపాధ్యాయుడు ప్రాజెక్టు పద్ధతిని ప్రవేశపెట్టారు. పిల్లలే ఒక బ్యాంకును, ఒక దుకాణాన్ని నడుపుతూ లెక్కలు, లోకజ్ఞానం నేర్చుకునేవారు. బెర్లిన్‌నుండి గెర్డా ఫిలిప్స్‌బోర్న్ అనే యూదు మహిళ 1932 చివరలో భారతదేశానికి వచ్చి, చిన్న పిల్లల బాధ్యతను స్వీకరించి, 1943లో మరణించేవరకు జామియాను విడువలేదు. పిల్లలు ఆమెను ఆపాజాన్ అని పిలిచేవారు. విశ్వవిద్యాలయ ఆచార్యుడు అధికుడు, పలక పట్టించే పంతులు అల్పుడు అనే తలంపు అక్కడ చెల్లలేదు. బెర్లిన్ డాక్టరేటు పొందిన ఉపకులపతి చిన్న పిల్లలకు కథలు వ్రాసేవారు. అబ్బూఖాన్ మేకను గురించి ఆయన వ్రాసిన కథ ఉర్దూ పిల్లలందరికీ తెలుసు. దానిని ఆయన తన చిన్న కుమార్తె రుఖయ్యా రెహానా పేరుతో ప్రకటించారు.

ఆ కుమార్తెను గురించి ఒక సంగతి జామియాలో చెప్పుకుంటారు. ప్రాథమిక పాఠశాల పిల్లలకు ఆయన మిఠాయి పంచుతుండగా ఆ పాప చనిపోయిందన్న వార్త నౌకరు వచ్చి చెవిలో చెప్పాడట. ఆయన ముఖం పాలిపోయిందే గాని చేయి ఆగలేదట. పిల్లల సంతోషం చెడగొట్టడం ఇష్టంలేక పంపకం పూర్తి చేసి ఇంటికి వెళ్ళారట. ఆయన క్రమశిక్షణకు సంబంధించిన మరొక ఉదంతమూ ప్రసిద్ధమే. విద్యార్థులు బూట్లు మెరుగు పెట్టుకొని రావాలని ఎన్నిసార్లు చెప్పినా వినకపోతే, ఒక ఉదయం ఉపకులపతి స్వయంగా బ్రష్షు, పాలిష్ డబ్బా పట్టుకొని ద్వారం దగ్గర కూర్చున్నారట. మరునాటినుండి చెప్పవలసిన అవసరం లేకపోయింది.

మూడవ కారణం, ఆ సహవాసం తన గోడలు దాటి వెలుపలికి వెళ్ళడం. 1938 ఈ విషయంలో మరువరాని సంవత్సరం. ఆ ఏట జామియాలో ఉపాధ్యాయుల శిక్షణ కళాశాల మొదలయింది. దానికి ఉస్తాదోంకా మదరసా, అనగా గురువుల బడి, అని పేరు. అదే ఏట కిద్వాయి గారి ఆధ్వర్యంలో వయోజన విద్య కొరకు ఇదారయె తాలీమొ తరక్కీ వెలసింది. పగలంతా చెమటోడ్చి వచ్చిన మనిషిని పిల్లవానివలె బల్లమీద కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించడం వయోజన విద్య కాదని వారు గ్రహించారు. అతనికి వయస్సు తెచ్చిన అనుభవముంది, సంసారముంది, వృత్తిజ్ఞానముంది. కనుక అతని అవసరాలనుండి, అతని వాడనుండి బోధన మొదలుకావాలి. ఢిల్లీ వాడలలో కేంద్రాలు తెరచి, కొత్తగా చదువు నేర్చినవారికై చిన్న చిన్న పుస్తకాలను వారు సిద్ధం చేశారు. కళాశాలలో బోధించేవారూ, వాడలో బోధించేవారూ ఒకే కుటుంబంవారు కావడంచేత అక్కడి అనుభవం ఇక్కడికీ, ఇక్కడి శాస్త్రం అక్కడికీ ప్రవహించింది.

అంతకు ముందే, 1935 మార్చి 1వ తేదీన, ఓఖ్లాలో జామియా సొంత భవనానికి శంకుస్థాపన జరిగింది. మంత్రినో మహారాజునో పిలవకుండా, విద్యాలయంలో అందరికంటె చిన్న విద్యార్థి చేత ఆ రాయి వేయించారు. ఆ సంస్థ ఎవరి కోసమో చెప్పడానికి ఇంతకంటె మరొక ఉపన్యాసం అవసరం లేదు.

జామియా కీర్తి గాంధీజీ దృష్టిని మరల ఆకర్షించింది. 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యా మహాసభ, చేతిపని ద్వారా ప్రాథమిక విద్య అనే ప్రణాళికను రూపొందించడానికి జాకీర్ హుస్సేన్ అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. ఆయన మహాత్మునిపట్ల అపార భక్తి కలవారే. అయినా తలయూపి ఊరుకోలేదు. పిల్లలు తయారుచేసిన వస్తువుల అమ్మకంతోనే బడి నడవాలని పట్టుబడితే, ఉపాధ్యాయుడు పిల్లల శ్రమను పిండుకునే మేస్త్రీ అయ్యే ప్రమాదమున్నదని హెచ్చరించారు. పని ద్వారా విద్య ముఖ్యం గాని, పని ద్వారా రాబడి కాదని ఆయన నిశ్చయం. 1938లో హరిపురా కాంగ్రెసు ఆ ప్రణాళికను ఆమోదించింది. హిందుస్తానీ తాలీమీ సంఘానికి ఆయన అధ్యక్షులై పదేండ్లు పనిచేశారు.

ఇక్కడ ఒక చేదు నిజాన్ని దాచకుండా చెప్పడం మా ధర్మం. మౌలిక విద్య దేశమంతటా వ్యాపించింది గాని విజయం సాధించలేదు. చాలా బడులలో రాట్నం మూలనపడింది. పేరు మాత్రం మిగిలింది. ఆ దుస్థితిని చూచి జాకీర్ హుస్సేన్ కూడా తరువాతి కాలంలో బాహాటంగానే నిరాశ వెలిబుచ్చారు. ఒకే మనిషి, ఒకే భావన; జామియాలో ఫలించినది దేశంలో ఎందుకు వాడిపోయింది? మాకు తోచిన సమాధానమిది. జామియాలో ఆ పద్ధతి ఉపాధ్యాయుల సహవాసంనుండి పుట్టింది. తక్కినచోట్ల అది కచేరీనుండి ఉత్తరువుగా వచ్చింది. ఒకరి అనుభవాన్ని మరొకరు విని, ఒకరి తప్పును మరొకరు దిద్ది, కలిసి నేర్చుకునే పదిమంది లేనిచోట ఎంత గొప్ప ప్రణాళిక అయినా కాగితంమీదనే ఉండిపోతుంది.

1946 నవంబరులో జామియా రజతోత్సవాలు జరిగాయి. దేశం నిట్టనిలువునా చీలిపోతున్న సమయమది. అయినా ఆ వేదికమీద ఒక ప్రక్క జవహర్‌లాల్ నెహ్రూ, మౌలానా ఆజాద్. మరొక ప్రక్క మహమ్మదలీ జిన్నా, లియాఖత్ అలీ ఖాన్ కూర్చున్నారు. ఆనాడు దేశంలో వారందరినీ ఒక్కచోట కూర్చోబెట్టగలిగినది ఒక బడిపంతులే. దేశంలో చెలరేగుతున్న ద్వేషాగ్నిని ఆర్పవలసిందిగా ఆయన ఆ నాయకులను చేతులు జోడించి వేడుకున్నారు. ఆ మంట ఆరలేదు. 1947లో కాశ్మీరు వెళ్ళే త్రోవలో జలంధర్ రైలుస్టేషనులో ఆయన ప్రాణాలే పోవలసినవి. ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి ఆయనను కాపాడారు. కరోల్ బాగులోని జామియా పుస్తక భాండారం అగ్నికి ఆహుతి అయింది. ఆ సెప్టెంబరులో గాంధీజీ స్వయంగా ఓఖ్లాకు వచ్చి ధైర్యం చెప్పారు. అంతటి కల్లోలంలోనూ జాకీర్ హుస్సేన్, ఆయన సహచరులు దేశాన్ని విడువలేదు, బడిని మూయలేదు.

1928లో చేసిన ఇరువది సంవత్సరాల ప్రతిజ్ఞ 1948తో పూర్తయింది. ఆ సంవత్సరమే ఆయన అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయ ఉపకులపతిగా వెళ్ళారు. దేశవిభజనతో ఎందరో అధ్యాపకులు వెళ్ళిపోగా, అనుమానపు చూపుల మధ్య ఆ విశ్వవిద్యాలయం కుంగిపోయి ఉన్నది. 1956 వరకు అక్కడ ఉండి ఆయన దానికి మరల ఆత్మవిశ్వాసం కలిగించారు. జామియా భారాన్ని 1948లో ముజీబ్ స్వీకరించి 1973 వరకు మోశారు. నాయకుడు వెళ్ళినా సంస్థ చెదరలేదంటే దాని పునాది ఒక వ్యక్తిమీద కాక సహవాసంమీద ఉన్నదన్నమాట. ఆ విద్యాలయం 1962లో విశ్వవిద్యాలయ హోదాను, 1988లో కేంద్రీయ విశ్వవిద్యాలయ ప్రతిపత్తిని పొందింది.

పదవులు ఒకదాని వెనుక ఒకటి ఆయనను వెదకుకుంటూ వచ్చాయి. 1957లో బీహారు గవర్నరు, 1962లో ఉపరాష్ట్రపతి, 1963లో భారతరత్న. 1967 రాష్ట్రపతి ఎన్నికలో ఆయన ప్రత్యర్థి మన తెలుగువారు, మాజీ ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారు. ఎన్నికలో గెలిచి 1967 మే 13వ తేదీన భారతదేశపు తొలి ముస్లిం రాష్ట్రపతి అయ్యారు. 1969 మే 3వ తేదీన పదవిలో ఉండగానే కన్నుమూశారు. తాత్కాలికంగా ఆ బాధ్యతను స్వీకరించిన ఉపరాష్ట్రపతి వి.వి. గిరి గారు కూడా తెలుగువారే. జాకీర్ హుస్సేన్ భౌతికకాయాన్ని ఓఖ్లాలో, తాను పెంచిన జామియా ప్రాంగణంలోనే ఖననం చేశారు. రాష్ట్రపతి చివరకు తన బడికే తిరిగి వచ్చారు.

మా ఈ వార్షిక సంచికను చేత పట్టుకొని చూడండి. ఉర్దూ పుటలు కుడినుండి మొదలవుతాయి, తెలుగు పుటలు ఎడమనుండి మొదలవుతాయి. రెండూ నడుమ కలుసుకుంటాయి. మా కళాశాలలో అధ్యాపకులు కూడా అలాగే కలుసుకుంటున్నారా అన్న ప్రశ్న మమ్ములను మేము వేసుకోవలసి ఉన్నది. ఒక గదిలో ఉర్దూలో సాగే పాఠం ప్రక్క గదిలోని తెలుగు అధ్యాపకునికి తెలియదు. తెలుగు గదిలో ఫలించిన పద్ధతి ఉర్దూ గదికి చేరదు. నెలకొక సాయంత్రం అందరూ కూర్చుండి, తాము చెప్పిన పాఠాలలో ఏది పండింది, ఏది ఎండింది అని అరమరికలు లేకుండా చెప్పుకుంటే దానికి భవనం అక్కరలేదు, నిధులు అక్కరలేదు. కళాశాల సంఘంవారు ఆ సాయంత్రాన్ని కాలనిర్ణయ పట్టికలో చేర్చితే చాలును. ఆ కూటమి నిలదొక్కుకున్న పిదప, మన ప్రక్క వీధులలో అక్షరం ఎరుగని పెద్దలకై విద్యార్థులను వెంటబెట్టుకొని ఒక రాత్రిబడి తెరవడం కష్టమైన పని కాదు.

హైదరాబాదులో పుట్టి, పదేండ్లకే ఈ నగరాన్ని విడిచిన ఆ బాలునికి మనం చెల్లించవలసిన ఋణమొకటి ఉన్నది. పటానికి పూలమాల వేయడంతో అది తీరదు. ఉపాధ్యాయులు ఒకరికొకరు మాట ఇచ్చుకొని, దానిని నిలుపుకున్న నాడు కొంతైనా తీరుతుంది.